పాత స్కూటర్‌కూ ఒక షజ్రా ఉంటుంది

ఈ మధ్య మన ఖాందాన్లలో పాత స్కూటర్ల షౌక్ బాగా పెరిగింది. వలీమా ఫొటోల్లో దూల్హా పక్కన నిలబెట్టడానికి ఒక లాంబ్రెటా కావాలి. కొత్తగా కట్టిన ఇంటి ముందు ఒక పాత చేతక్ ఉంటే దాని షాన్ వేరు. షౌక్ మంచిదే, ఎవరికీ నుక్సాన్ లేదు. కానీ దాని వెంటే ఒక సవాల్ వస్తోంది. ఇంట్లో పెద్దల బండి తుప్పు పట్టి మూలన పడి ఉంటే దాన్ని బాగు చేయించుకోవాలా? లేక ఎవరో మరమ్మత్తు చేసి, రంగు వేసి, తళతళలాడేలా తయారు చేసి అమ్ముతున్న బండిని కొనుక్కోవాలా?

నన్ను ఈ సవాల్ అడిగినవాళ్లలో మా ఖాలా కొడుకు ఉన్నాడు, మొహల్లా పిల్లలు ఉన్నారు, ఒకరిద్దరు పాఠకులూ ఉన్నారు. నేను మెకానిక్‌ను కాను. ఖబర్లు రాసుకునేవాణ్ని, ఫుర్సత్ దొరికితే తారీఖ్ చదువుకునేవాణ్ని. అయితే దీనికి సగం జవాబ్ తారీఖ్‌లోనే దొరుకుతుంది. లాంబ్రెటా అనే ఒక్క స్కూటర్ దాస్తాన్ తీసుకుంటే చాలు. అది మిలాన్‌లో పుట్టింది, బొంబాయిలో పెరిగింది, లక్నోకు మకాం మార్చింది, మన హైదరాబాద్‌కు వచ్చి పేరు మార్చుకుంది. ఈ దాస్తాన్ తెలిస్తే ఏ బండిని అస్లీ అనాలో, దేనికి ఎంత కీమత్ ఇవ్వాలో మనకే ఒక అందాజా వస్తుంది.

జంగ్ తర్వాత పుట్టిన సవారీ

ఫెర్డినాండో ఇన్నొసెంటి ఇటలీలో ఉక్కు గొట్టాల వ్యాపారి. మిలాన్ నగరంలో లంబ్రాటే అనే ప్రాంతంలో ఆయన కారఖానా ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి అది బాగా దెబ్బతింది. జంగ్ ముగిసేసరికి జనం దగ్గర పైసలు లేవు, రోడ్లు పాడయ్యాయి, కారు కొనే హైసియత్ మామూలు మనిషికి లేదు. మజ్దూర్లకు, గుమాస్తాలకు, ఆడవాళ్లకు కూడా పనికొచ్చే సస్తా సవారీ ఒకటి కావాలి. 1946లో, అప్పటిదాకా విమానాలు తయారు చేసిన పియాజియో కంపెనీ వెస్పాను తెచ్చింది. మరుసటి ఏడాది 1947లో ఇన్నొసెంటి తన స్కూటర్‌ను తెచ్చాడు. ఆ ప్రాంతంలో పారే లాంబ్రో నది పేరు మీద దానికి లాంబ్రెటా అని పేరు పెట్టాడు.

ఈ రెండు బండ్ల కట్టుబడిలో ఒక ఫరక్ ఉంది. మరమ్మత్తు చేయించేవాళ్లకు ఇది చాలా ముఖ్యం. వెస్పాకు విడిగా ఫ్రేమ్ ఉండదు. రేకునే మడిచి, వెల్డింగ్ చేసి, ఒంటినే ఎముకగా చేశారు. లాంబ్రెటా అలా కాదు. గొట్టాల వ్యాపారి బండి కదా, మధ్యలో లావుపాటి ఉక్కు గొట్టం వెన్నెముకలా ఉంటుంది. ముందు రేకు, పక్క డోములు, ఫుట్‌బోర్డు అన్నీ దానికి బోల్టులతో బిగిస్తారు. అందుకని వెస్పా జాతి బండికి, అంటే మన బజాజ్ చేతక్‌కు కూడా, అడుగున తుప్పు పడితే ఎముక పుచ్చినట్టే. లాంబ్రెటాకు రేకులు పోతే రేకులు మార్చుకోవచ్చు. ఆ సౌకర్యమే తర్వాత ధోకాకు కూడా దారి అయింది. ఆ సంగతి ముందు ముందు చెప్తాను.

ఒక కారఖానా సముద్రం దాటింది

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే స్కూటర్ హిందూస్తాన్‌లో అడుగుపెట్టింది. బొంబాయిలో ఆటోమొబైల్ ప్రోడక్ట్స్ ఆఫ్ ఇండియా, పొట్టిగా ఏపీఐ, 1950లలో లాంబ్రెటాలు బిగించడం మొదలుపెట్టింది. బజాజ్ వాళ్లు పియాజియో లైసెన్సుతో వెస్పా వైపు వెళ్లారు. ఆ లైసెన్సు ముగిశాక 1972లో చేతక్ అనే సొంత పేరు పెట్టుకున్నారు. పర్మిట్ల జమానా అది. ఏ కంపెనీ ఎన్ని బండ్లు చేయాలో ఢిల్లీ చెప్పేది. ఒక్క స్కూటర్ కోసం డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఇంతెజార్ చేసిన ఇళ్లు మన మొహల్లాల్లో ఎన్నో. అలా వచ్చిన బండిని పిల్లల్లా చూసుకున్నారంటే తప్పేముంది?

అటు ఇటలీలో కథ తిరగబడింది. 1957లో ఫియట్ 500 అనే చిన్న కారు వచ్చింది. జనం చేతిలో డబ్బు ఆడేకొద్దీ స్కూటర్ దిగి కారు ఎక్కారు. 1966లో ఇన్నొసెంటి చనిపోయాడు. 1971లో మిలాన్‌లో లాంబ్రెటా తయారీ ఆగిపోయింది. అప్పుడు మన సర్కార్ ఆ మషీన్లను, డ్రాయింగులను, పేరు మీద హక్కులను కొన్నది. 1972లో లక్నోలో స్కూటర్స్ ఇండియా లిమిటెడ్ అనే సర్కారీ కంపెనీ పెట్టింది. మిలాన్‌లో రేకులు వంచిన యంత్రాలే గోమతీ తీరానికి వచ్చి రేకులు వంచాయి. 1975లో అక్కడి నుంచి విజయ్ సూపర్ బయటికి వచ్చింది. దేశంలో అమ్మితే విజయ్ సూపర్, బయటి ముల్కులకు పంపితే లాంబ్రెటా. స్టిక్కర్ వేరు, నసబ్ ఒకటే.

ఇంకో తమాషా ఉంది. ఇటలీలో సిరీస్ 2 అనే మోడల్ 1961లోనే ఆగిపోయి సిరీస్ 3 వచ్చేసింది. బొంబాయి ఏపీఐ మాత్రం ఆ పాత సిరీస్ 2 ఆకారాన్నే ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు కొనసాగించింది. తర్వాతి రోజుల్లో దాన్నే లాంబీ అన్నారు. అంటే చూడడానికి 1960 నాటి ఇటలీ బండిలా ఉన్నది, నిజానికి 1970లలో బొంబాయిలో పుట్టినది కావచ్చు. ఆకారం చూసి వయసు చెప్పలేం. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మన ఆల్విన్, మన పుష్పక్

లక్నో కంపెనీ అన్ని బండ్లూ తానే తయారు చేసి అమ్మలేదు. కొన్ని రాష్ట్రాల కంపెనీలకు భాగాలు పంపింది. వాళ్లు బిగించి తమ పేరుతో అమ్ముకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పని తీసుకున్నది హైదరాబాద్ ఆల్విన్. బండి పేరు పుష్పక్.

ఆల్విన్ పేరు మన పిల్లలకు ఇప్పుడు ఒక కాలనీ పేరుగానో, బస్టాపు పేరుగానో తెలుసు. కానీ అది 1942లో, నిజాం జమానాలో పుట్టిన కారఖానా. నిజాం సర్కార్ ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్, అల్లాదీన్ అండ్ కంపెనీ కలిసి పెట్టిన కారోబార్ అది. ఆ తర్వాత ప్రభుత్వ కంపెనీ అయింది. బస్సుల బాడీలు కట్టింది, బీరువాలు చేసింది, ఫ్రిజ్‌లు చేసింది, చేతి గడియారాలు కూడా చేసింది. మన ఇళ్లలో ఎంతమంది అబ్బాలు, మామూలు, చిచ్చాలు ఆ గేటులోంచి రోజూ లోపలికి వెళ్లి రోజీ సంపాదించుకున్నారో లెక్క లేదు. షిఫ్టు సైరన్ మోగితే ఆ బస్తీలో చాయ్ హోటళ్లు నిండిపోయేవని పాతవాళ్లు ఇప్పటికీ చెప్తారు.

ఆ కారఖానా ఇప్పుడు లేదు. పుష్పక్ కూడా ఎక్కువ కాలం నడవలేదు. బజాజ్ ముందు నిలవలేకపోయింది. లక్నోలో ద్విచక్ర వాహనాల తయారీ 1997లో ఆగింది. ఆ కంపెనీని పూర్తిగా మూసేయడానికి 2021లో కేంద్ర మంత్రివర్గం మంజూరీ ఇచ్చింది. కాబట్టి ఈ రోజు ఎవరి ఇంటి వెనకాలైనా తుప్పు పట్టిన పుష్పక్ ఒకటి ఉందంటే, అందులో మిలాన్ డిజైన్ ఉంది, లక్నో ఇనుము ఉంది, హైదరాబాద్ మజ్దూర్ బిగించిన బోల్టు ఉంది. అలాంటి దాన్ని కబాడీకి తూకం లెక్కన ఇచ్చేసి, ఆ డబ్బుకు మరింత కలిపి బజార్లో మెరిసే ‘ఇటలీ లాంబ్రెటా’ కొనుక్కొచ్చేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

అస్లీ అంటే ఏమిటి?

ఇక్కడ ఒక ముఖద్దమా చెప్పాలి. అది స్కూటర్ గురించి కాదు, కారు గురించి. కానీ ఫైసలా మనకు కూడా పనికొస్తుంది.

1929లో, 1930లో ఫ్రాన్స్‌లో జరిగిన లె మాన్స్ 24 గంటల రేసును ఒకే బెంట్లీ కారు రెండుసార్లు గెలిచింది. దాన్ని ఓల్డ్ నంబర్ వన్ అంటారు. 1932లో ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద అది ఘోరమైన ప్రమాదానికి గురైంది. డ్రైవర్ క్లైవ్ డన్ఫీ చనిపోయాడు. కారును మళ్లీ కట్టారు, కొత్త బాడీ వేశారు. దశాబ్దాలు గడిచాయి. చేతులు మారాయి. భాగాలు మారాయి. చివరికి ఒక కంపెనీ దాన్ని కోటి పౌండ్లకు కొంటానని సౌదా చేసుకుంది. తర్వాత వెనక్కి తగ్గింది. ఇందులో రేసు గెలిచిన నాటి సామాను దాదాపు లేదు, కనుక ఇది ఆ కారు కాదు అన్నది దాని వాదన.

1990లో లండన్ హైకోర్టులో జస్టిస్ ఆటన్ ఫైసలా ఇచ్చారు. గెలిచిన రోజున ఉన్న సామాను చాలావరకు ఇప్పుడు లేదని ఆయన ఒప్పుకున్నారు. అయినా ఆ కారు ఎప్పుడూ మాయం కాలేదు. ఒక పని నుంచి ఇంకో పనికి, ఒక మరమ్మత్తు నుంచి ఇంకో మరమ్మత్తుకు, దాని సిల్‌సిలా ఎక్కడా తెగలేదు. ఆ పేరు మోసే హక్కు ఉన్న మరో కారు ఏదీ లేదు. కాబట్టి ఇదే ఓల్డ్ నంబర్ వన్ అని తేల్చారు. కొనేవాడు మాట నిలబెట్టుకోవలసిందే అన్నారు.

నాకు ఈ ఫైసలా చాలా నచ్చింది. అస్లీతనం ఇనుములో మాత్రమే ఉండదు, సిల్‌సిలాలో ఉంటుంది. మనం ఖాందాన్‌కు షజ్రా రాసుకుంటాం కదా. దాదా ఎవరు, పర్‌దాదా ఎవరు, ఏ ఊరి నుంచి ఏ ఊరికి వచ్చారు అని. బండికి కూడా అంతే. ఎక్కడ పుట్టింది, ఎవరి పేరు మీద రిజిస్టరైంది, ఎవరు కొన్నారు, ఎప్పుడు ఇంజన్ విప్పారు, ఎవరు విప్పారు. ఈ షజ్రా చెప్పగలిగితే భాగాలు మారినా బండి అస్లీ. చెప్పలేకపోతే ఎంత మెరిసినా అది పేరు లేని సామాన్ల మూట.

తళతళల వ్యాపారం

షజ్రా లేని బండ్లతో ఒక పెద్ద తిజారతే నడిచింది. వియత్నాంలో పాత వెస్పాలు, లాంబ్రెటాలు చాలా ఉండేవి. అక్కడ చేతి హునర్ ఉంది, కూలీ తక్కువ. పాత బండ్లను మరమ్మత్తు చేసి, రెండు రంగులు వేసి, క్రోమ్ పూసి, కంటెయినర్లలో అమెరికాకు, యూరప్‌కు పంపారు. ఫొటోలో చూస్తే పెళ్లికూతురే. విప్పితే వేరే కథ. రెండు మూడు బండ్ల ముక్కలు కోసి ఒకటిగా వెల్డింగ్ చేసినవి, తుప్పు మీద పుట్టీ దట్టంగా పూసినవి, నంబర్లు మళ్లీ కొట్టినవి, బ్రేకు పట్టని బండ్లు బయటపడ్డాయి. అమెరికా, ఇంగ్లండ్ స్కూటర్ క్లబ్బుల వాళ్లు తమ సభ్యులను హెచ్చరించే దాకా వెళ్లింది. ఆ దేశంలో మంచి ఉస్తాద్‌లు లేరని కాదు. వాళ్ల ఇజ్జత్ కూడా ఈ సస్తా సరుకుతో పాటే పోయింది.

మన దేశంలో కూడా ఇదే పని చిన్న ఎత్తున జరుగుతోంది. మా ఖాలా కొడుకు సంగతి చెప్తాను. వేరే ఊరిలో ఒక వ్యాపారి దగ్గర ‘పూర్తిగా రీస్టోర్ చేసిన’ చేతక్ కొన్నాడు. వాడు దుబాయ్‌లో కమాయించిన డబ్బు అది. ఆకాశం రంగు, తెల్లటి సీటు, ఎంత ముద్దుగా ఉందో! మొదటి వానాకాలం పోయేసరికి ఫుట్‌బోర్డు దగ్గర రంగు ఉబ్బి పగిలింది. కింద రేకు లేదు, పుట్టీ ఉంది. దాన్ని భరించొచ్చు. పేరు మార్పించుకోవడానికి వెళ్తే, కాగితంలో ఉన్న ఇంజన్ నంబరు, బండి మీద ఉన్న నంబరు కలవలేదు. ఆర్సీ ఒక బండిది, ఇంజన్ ఇంకో బండిది. వ్యాపారి ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇప్పుడు ఆ చేతక్ ఇంటి ముందు బొమ్మలా నిలబడి ఉంది. రోడ్డెక్కే హక్కు లేదు.

తయారైన బండి కొన్నప్పుడు మనం కొనేది రంగును కాదు, ఎదుటివాడి మాటను. ఆ మాటకు గవాహీ ఉందా అన్నదే అసలు సవాల్. గవాహీ అంటే ఏమిటి? విప్పక ముందు తీసిన ఫొటోలు, రంగు గీకినప్పటి ఉత్త రేకు ఫొటోలు, సామాన్ల రసీదులు, పనిచేసిన ఉస్తాద్ పేరు. మంచి పని చేసినవాడు ఇవన్నీ చూపించడానికి మురిసిపోతాడు. దాచేవాడి దగ్గర కొనకండి. జేబులో ఒక చిన్న అయస్కాంతం, ఒక రుమాలు పెట్టుకుని వెళ్లండి. రుమాలు చుట్టి రేకు మీద పెడితే ఇనుము ఉన్నచోట అతుక్కుంటుంది, పుట్టీ దట్టంగా ఉన్నచోట జారిపోతుంది. లాంబ్రెటా అయితే డోములు, ముందు రేకు కొత్తవి వేయడం సులువు కాబట్టి వాటిని చూసి మోసపోవద్దు. మధ్య గొట్టం వంగిందా, దాని మీద నంబరు చెక్కుచెదరకుండా ఉందా అన్నది చూడండి. చేతక్ అయితే పడుకోబెట్టి అడుగు చూడండి. అమ్మేవాడు సిగ్గుపడితే పడనివ్వండి, మీరు పడొద్దు.

విప్పితే బయటపడే తారీఖ్

ఇక సొంతంగా బాగు చేయించుకోవడం. మా ఇంట్లో అబ్బా నడిపిన పుష్పక్ ఉంది. ఆయన 1980లలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. మేం నలుగురం పిల్లలం, అమ్మీ, ముందు ఒకరు నిలబడి, వెనక ఒకరు ఇరుక్కుని, పండక్కి నానీ ఇంటికి వెళ్లిన సవారీ అది. అబ్బా ఇంతెకాల్ తర్వాత చాలా ఏళ్లు టార్పాలిన్ కింద పడి ఉంది. తమ్ముడు దాన్ని అమ్మేసి తయారైన లాంబ్రెటా ఒకటి తెద్దామన్నాడు. ఇద్దరం ఒక వారం వాదించుకున్నాం. చివరికి మా మొహల్లాలో చిన్నప్పటి నుంచి మేం చూస్తున్న ఉస్తాద్‌ను మష్వరా అడిగాం. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, ‘ముందు కాగజాత్ తీసుకురండి, ఇంజన్ సంగతి తర్వాత’ అన్నాడు. నాకు ఆ మాటలోనే ఆయన ఇల్మ్ కనబడింది.

అమ్మీ ట్రంకులో ఆర్సీ బుక్కు దొరికింది. నంబర్లు కలిశాయి. అప్పుడు విప్పాం. ఫుట్‌బోర్డు రబ్బరు పట్టీ తీస్తే కింద మూడు రంగులు పొరలు పొరలుగా బయటపడ్డాయి. అడుగున కారఖానా రంగు, దాని మీద అబ్బా కొనకముందు ఎవరో వేసిన ఆకుపచ్చ, అన్నింటికీ పైన ఆపా షాదీకి ముందు అబ్బా వేయించిన క్రీమ్ రంగు. సిలిండర్ విప్పితే పిస్టన్ నెత్తిన ఓవర్‌సైజ్ అంకె కనబడింది. అంటే అప్పటికే ఒకసారి బోరు చేయించారు. ‘ఇది నేను చేసిందే’ అన్నాడు ఉస్తాద్, లోపలికి చూసి. ఏ పుస్తకంలోనూ రాయని మా ఇంటి తారీఖ్ అది. తయారైన బండి కొంటే ఇది దొరకదు, ఎంత డబ్బు పెట్టినా.

అయితే ఒక మాట సాఫ్‌గా చెప్పాలి. ఇది సస్తా పని కాదు. మామూలు స్కూటర్ మీద పెట్టిన ఖర్చు దాన్ని అమ్మితే సాధారణంగా తిరిగి రాదు. క్రాంకు, బేరింగులు, ఆయిల్ సీళ్లు, బోరు, పిస్టన్, క్లచ్ ప్లేట్లు, కేబుళ్లు, వైరింగు, టైర్లు, డెంటింగ్, రంగు, క్రోమ్... ఒకటి ముట్టుకుంటే ఇంకోటి పిలుస్తుంది. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతం దాకా కలుపుతున్నారు. పాత రబ్బరు సీళ్లు, కార్బొరేటర్ వాషర్లు దానికి తట్టుకోవు. ఇథనాల్ తేమను కూడా పీలుస్తుంది కాబట్టి, నెలల తరబడి నిలబెట్టే బండి ట్యాంకులో పెట్రోల్ ఉంచకూడదు. టూ స్ట్రోక్ ఇంజన్‌కు పెట్రోల్‌లో ఆయిల్ కలపాలని కూడా ఈ తరం పిల్లలకు చెప్పాల్సిందే.

సబర్ కూడా కావాలి. జోష్‌లో ఒక్క ఆదివారం బండి మొత్తం విప్పేసి, నట్లు అన్నీ ఒకే డబ్బాలో పోసి, తర్వాత ఏళ్ల తరబడి బస్తాల్లో మూట కట్టి పెట్టినవాళ్లను నేను చూశాను. అలా పెట్టడం కంటే విప్పకుండా ఉంచడమే మేలు. విప్పే ముందు ప్రతి మూల ఫొటో తీయండి. ఒక్కో భాగం బోల్టులు ఒక్కో సంచిలో పెట్టి పేరు రాయండి. వరస కూడా ముఖ్యం. ముందు కాగితాలు, తర్వాత ఇంజన్, ఆ తర్వాత బ్రేకులు, వైరింగు, అన్నిటికంటే చివర రంగు. మనవాళ్లు రంగుతో మొదలుపెడతారు. అక్కడే డబ్బు అయిపోతుంది.

ఇంకో సంగతి. అన్నీ కొత్తగా చేస్తేనే మరమ్మత్తు అనుకోవద్దు. పాత వాహనాల అంతర్జాతీయ సంఘం ఎఫ్ఐవీఏ 2013లో ట్యూరిన్ చార్టర్ అనే దస్తావేజు తెచ్చింది. ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడటానికి, పోయినదాన్ని తిరిగి తేవడానికి మధ్య ఫరక్ అందులో వివరంగా ఉంది. అవసరమైనంత వరకే ముట్టుకోవాలి, చేసిన మార్పు రాసి పెట్టాలి అన్నది దాని సారం. మేం అబ్బా వేయించిన క్రీమ్ రంగును గీకలేదు. తుప్పు ఉన్నచోట ఆపి, కడిగి, పాలిష్ పెట్టి వదిలేశాం. చుట్టుపక్కలవాళ్లు ఇంకా రంగు వేయలేదేమని అడుగుతూనే ఉన్నారు.

కానూన్ కూడా షజ్రానే అడుగుతుంది

2021 జులైలో కేంద్రం మోటారు వాహనాల రూల్స్‌లో వింటేజ్ బండ్లకు ప్రత్యేకంగా చోటు ఇచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలు అందులోకి వస్తాయి. షర్తు ఏమిటంటే బండి అసలు రూపంలో ఉండాలి, చాసీ, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, తర్వాత రెన్యువల్‌కు 5,000. నంబరులో ‘వీఏ’ అనే అక్షరాలు ఉంటాయి. అలాంటి బండిని రోజువారీ పనులకు, వ్యాపారానికి వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోల్‌కు, మరమ్మత్తుకు తీసుకెళ్లవచ్చు.

1975 నాటి మొదటి విజయ్ సూపర్‌లకు 2025లో యాభై నిండాయి. మన పుష్పక్‌లు కూడా ఆ వరసలో ఉన్నాయి. ఇంట్లో ఒకే పేరు మీద, ఒకే ఇంజన్‌తో పడి ఉన్న తుప్పు బండికి ఈ దారి తెరుచుకునే ఉంది. మూడు బండ్ల ముక్కలతో తయారైన మెరుపు బండికి ఈ రూల్ ముందు నిలబడటం ముష్కిల్. లండన్ జడ్జి అడిగిందే మన రవాణా శాఖ కూడా అడుగుతోంది.

మరి ఏం చేయాలి?

ఇంట్లో బండి లేదు, చోటు లేదు, ఫుర్సత్ లేదు, కానీ షౌక్ ఉంది అంటారా? తయారైనదే కొనండి. అందులో ఐబ్ ఏమీ లేదు. ఖర్చు లెక్క చూసినా చాలాసార్లు అదే నయం. కాకపోతే దలాల్ దగ్గర కాకుండా చేసినవాడి దగ్గరే కొనండి, గవాహీ చూసి కొనండి, పేరు మారాకే పూర్తి డబ్బు ఇవ్వండి. ‘ఇటలీ బండి’ అంటే నంబర్ చూడకుండా నమ్మకండి. లక్నో బండిని లక్నో బండి అని చెప్పి అమ్మేవాడు నిజాయితీపరుడు, వాడికి నాలుగు పైసలు ఎక్కువైనా ఇవ్వండి.

ఇంట్లో అబ్బాదో, మామూదో బండి ఉంటే మాత్రం, చేతులు జోడించి చెప్తున్నా, దాన్ని తూకానికి ఇవ్వకండి. ఇప్పుడే బాగు చేయించే తాఖత్ లేకపోయినా పర్వాలేదు. ట్యాంకులో పెట్రోల్ తీసేయండి, స్పార్క్ ప్లగ్ విప్పి సిలిండర్‌లో కొంచెం ఆయిల్ పోసి అప్పుడప్పుడు కిక్కు తిప్పండి, వాన తగలకుండా పెట్టండి. ఆర్సీ బుక్కు వెతకండి. పాత రికార్డు కంప్యూటర్‌లోకి ఎక్కిందో లేదో రవాణా ఆఫీసులో కనుక్కోండి. వారసుల పేరు మీదికి మార్పించుకోండి. ఇనుము ఆగుతుంది, కాగితం ఆగదు.

ఆగనివాళ్లు ఇంకొకరు ఉన్నారు. పాయింట్ల గ్యాప్ కంటితో చూసి సరిచేసే ఉస్తాద్‌లు, ఇంజన్ చప్పుడు విని బేరింగు పోయిందని చెప్పే ఉస్తాద్‌లు మన మొహల్లాల్లో ఇంకా కొందరున్నారు. వాళ్లలో చాలామంది చదువుకున్నది బడిలో కాదు, పదేళ్ల వయసులో పానా అందించే షాగిర్ద్‌గా మొదలుపెట్టారు. వాళ్ల షాగిర్ద్‌లు గల్ఫ్‌కు పోయారు, లేదా మొబైల్ దుకాణాలు పెట్టుకున్నారు. మనం తయారైన బండే కొనుక్కుంటూ పోతే ఈ హునర్‌కు పని ఉండదు, పని లేని హునర్ ఒక్క తరంలో పోతుంది. మా ఉస్తాద్‌కు ఇప్పుడు డెబ్బై దాటాయి. పుష్పక్ పని జరిగినన్నాళ్లూ నా కొడుకును శుక్రవారం మధ్యాహ్నాలు ఆయన దగ్గర కూర్చోబెట్టాను. వాడికి కార్బొరేటర్ విప్పి కడిగి మళ్లీ బిగించడం వచ్చింది. క్రాంకు పని ఇంకా నేర్చుకోవాలి.